నా తలలో చీమలు

నేను ఒక తలను. తల మాత్రమే. మెడ కింద ఏమీ లేదు. ఒకప్పుడు ఉండేది. అది ఎక్కడుందో తర్వాత చెబుతాను.

బల్ల మీద నన్ను చూసినవాళ్లు మొదట జడుసుకుంటారు. తర్వాత నవ్వుతారు. నవ్వాక దగ్గరికి వచ్చి నా నుదుటి మీద వేలితో టకటక కొట్టి చూస్తారు. మనుషులకు అదొక అలవాటు. పుచ్చకాయను కొడతారు, కొత్త కుండను కొడతారు, నన్నూ కొడతారు. కోయకుండా, పగలగొట్టకుండా లోపల ఏముందో తెలుసుకోవాలి. అదీ వాళ్ల తాపత్రయం. నా బతుకంతా ఆ తాపత్రయం చేతిలోనే గడిచింది.

నేను పుట్టింది వరంగల్ నుంచి నర్సంపేట పోయే దారిలో, ఒక రేకుల షెడ్డులో. చేసినవాడు మొగిలి. బట్టల దుకాణాల ముందు చీర కట్టి నిలబెట్టే ఆడబొమ్మలు చేయడం ఆయన పని. అచ్చు లోపల మైనం పూసి, గాజునార గుడ్డ పరిచి, దాని మీద జిగురు అద్దేవాడు. ఆ వాసనకు కొత్తవాళ్ల కళ్లు మండేవి. మొగిలికి మాత్రం అది ఇంటి వాసన. జిగురు గట్టిపడేలోగా వేళ్లతో నొక్కుతూ గాలి బుడగలు పోగొట్టాలి. నా ఎడమ చెవి వెనక నొక్కుతుండగా బయట ఎవరో పిలిచారు. మొగిలి తల తిప్పాడు. బొటనవేలు కావలసినదాని కన్నా లోతుకు దిగింది. అక్కడ నా గోడ ఉల్లిపొర అంత పలచబడింది. ఆయన చూసుకున్నాడు. జుట్టు కింద పోతుందిలే అనుకున్నాడు.

ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

కళ్లు వేశాడు, పెదవులకు ఎర్రరంగు పూశాడు. నుదుట బంగారు రంగు బొట్టు దిద్దాడు. నేను కాశీనాథం గారి చీరల దుకాణానికి వెళ్లాను. పదకొండేళ్లు అద్దం వెనక నిలబడ్డాను. చీరను ఆడవాళ్లు చూసేవారు. ధర చీటీని మగవాళ్లు చూసేవారు. నా ముఖాన్ని చూసింది చంటిపిల్లలే.

ఆ దుకాణం అరుగు మీద యాకూబ్ అనే దర్జీ ఉండేవాడు. నాకు తొడిగే రవికెలు ఆయనే కుట్టేవాడు. టేపు పట్టేవాడు కాదు. కంటితో ఒక అంచనా వేసి కుట్టేసి నాకు తొడిగేవాడు. వదులుగా ఉన్నచోట గుండుసూది గుచ్చేవాడు. విప్పి, కుట్టు మార్చి మళ్లీ తొడిగేవాడు. ఒకచోట బిగిస్తే ఇంకోచోట లాగేది. అయినా ప్రతిసారీ తేడా కొంచెం తగ్గేది. ఇక తగ్గదు అనుకున్న చోట దారం తెంపేవాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత పెద్ద చదువుల వాళ్లు నా మీద చేసిన పనీ ఇదే.

ఒకసారి కాశీనాథం గారు ఊళ్లు తిరిగి వచ్చి మొగిలిని పిలిపించారు.

"తలల్లేని బొమ్మలే ఇప్పుడు నడుస్తున్నయ్ మొగిలీ. మొఖముంటే సూపు మొఖం మీదికి పోతది. చీర మీదికి రాదు."

"తల లేకుంటే బొట్టెక్కడ పెడ్తరు సేటూ?"

"బొట్టు కొనెటోళ్లు మన దుకాణానికి రారు. కొయ్యి."

చేసిన చేతులతోనే కోశాడు. ఒక్కరోజులో పద్నాలుగు తలలు. రంపం నా మెడలో సగం దాకా వచ్చినప్పుడు మొగిలి ఆగి, నుదుటి చెమట తుడుచుకుని, నా కళ్ల వైపు చూడకుండా మిగతా సగం కోశాడు. నా మొండెం దుకాణానికి తిరిగి వెళ్లింది. ఇప్పటికీ రోజుకో పట్టుచీర కట్టుకుని నిలబడుతోందట. నన్ను తలుచుకునేందుకు దానికి తల లేదు.

మేము పద్నాలుగు తలలం షెడ్డులో అటక మీద వరసగా కూర్చున్నాం. అక్కడి నుంచే చూశాను.

ఎండాకాలం, పొద్దున పది దాటింది. మొగిలి ఒక భుజానికి జిగురు పూస్తున్నాడు. ఎడమ చేతిలోని డబ్బా జారి పడింది. వంగి తీయబోయాడు. చెయ్యి రాలేదు. ఆ చేతి వైపు ఆయన చూసిన చూపు నాకు తెలుసు. అతకని ముక్క వైపు అలాగే చూసేవాడు. తర్వాత మూతి ఒక పక్కకు లాగింది. భార్య కేక విని పక్క షెడ్డువాళ్లు వచ్చి ఆటోలో ఎక్కించారు.

రెండు నెలలకు తిరిగి వచ్చాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. ఎవరు పలకరించినా ఒకే సంగతి చెప్పేవాడు.

"తలల నెత్తురు గడ్డ కట్టిందనుకో, దానికొక సూది ఉన్నది. నాలుగున్నర గంటల్లోపట ఇయ్యాలె. కని నరం పగిలి నెత్తురు కారుతున్నదనుకో, అదే సూది పాణం తీస్తది. ఏదైందో స్కాన్ తీస్తెనే తెలుస్తది. దగ్గరి దవఖానల ఆ మిషన్ లేదు. ఉన్నకాడికి పోయేసరికి ఆరు గంటలు. ఎవ్వలను తిట్టాలె? డాక్టరు మాత్రం తెల్వకుంట ఎట్ల పొడుస్తడు?"

ఆయన ఎవ్వరినీ తిట్టలేదు. అందుకే నాకు ఆ మాటలు బాగా గుర్తున్నాయి.

మరుసటి సంవత్సరం ఒక అమ్మాయి స్కూటీ దిగి షెడ్డు గుమ్మంలో నిలబడింది. భుజాన సంచి, చెప్పులకు దుమ్ము. పేరు సారిక. హనుమకొండలో పరిశోధన చేస్తోంది.

"కాకా, ఇక్కడ తలకాయలు దొరుకుతయా?"

మొగిలి ఆమెను కిందికీ పైకీ చూశాడు. "అందరు మొండేలే అడుగుతున్నరు బిడ్డా. తల అడిగినదానివి నువ్వొక్కదానివే. ఏం చేస్తవ్?"

ఆమె చెప్పింది. తన దగ్గర ఇరవై నాలుగు చిన్న యాంటెన్నాలు బిగించిన టోపీ ఒకటి ఉంది. ఒక యాంటెన్నా సన్నని తరంగాన్ని తలలోకి పంపుతుంది. అది లోపల తిరిగి, వంగి, చెదిరి బయటికి వస్తుంది. మిగతా ఇరవై మూడు వింటాయి. అలా ఒక్కొక్కటీ వంతులవారీగా పలుకుతుంది. విన్నదాన్ని బట్టి లోపల ఏముందో లెక్క కడతారు.

"పుచ్చకాయ కొట్టి సూసినట్టు," అన్నాడు మొగిలి.

"గంతే కాకా. అంబులెన్సుల పట్టేంత మిషన్. ఇంటి ముందరనే టోపీ పెట్టి, గడ్డ కట్టిందా, కారిందా చెప్పాలె. కని ముందుగాల మనిషి తల మీద చెయ్యనియ్యరు. ఉత్తుత్తి తల మీద చూపెట్టాలె."

మొగిలి ఒళ్లో ఉన్న ఎడమ చేతిని చూసుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి ఎత్తి నా వైపు చూపించాడు.

"దాన్ని తీస్కపో. పదకొండేండ్లు కదలకుంట నిలబడ్డది. నీ పనికి ఓపిక గావాలె."

వెళ్లేముందు ఆయన చెప్పగా పక్క షెడ్డు మనిషి నా పెట్టుడు జుట్టు తీసేసి, నన్ను చెవుల మీదుగా రెండు చిప్పలుగా కోసి, మళ్లీ మూసుకునేలా అంచులు నునుపు చేశాడు. అచ్చులోంచి పుట్టినప్పుడు నేను రెండు ముక్కలే. అందుకని బాధపడలేదు.

సారిక గది రెండో అంతస్తులో ఉంది. కిటికీకి ఆనుకుని వేపకొమ్మ. గదికి పెద్ద దశరథరామయ్య గారు, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆచార్యుడు. ముప్పై ఏళ్లుగా గణితమే ఆయన లోకం. మూడోమనిషి కొమురమ్మ. ఆ అంతస్తు ఊడ్చి, తుడిచి, తాళాలు వేసే మనిషి.

మొదటిరోజే సారిక బ్లేడు తీసుకుని నా బొట్టు గీకేసింది. బంగారు రంగులో లోహపు పొడి ఉంటుందట, తరంగాలకు అడ్డమట. కొమురమ్మకు అది నచ్చలేదు.

"ఆడిమనిషి మొఖం గట్ల బోడిగ ఉంచుతరా?" అని తన నుదుటి నుంచి స్టిక్కరు తీసి నాకు అంటించింది. సారిక దాన్ని పరీక్షించి, లోహం లేదు, ఉండనీ అంది. శాస్త్రం అనుమతి ఇచ్చాక నేను మళ్లీ ముత్తయిదువనయ్యాను.

ఇక నా మెదడు. నీళ్లు, ఉప్పు, చక్కెర, గట్టిపడటానికి చైనా గ్రాస్. తరంగానికి మనిషి మెదడులా తోచాలంటే వీటిని సరైన పాళ్లలో కలిపితే చాలట. ఉప్పు పెరిగితే నెత్తురు లాంటిది, చక్కెర పెరిగితే నెత్తురు అందని చోటు లాంటిది. గదిలోనే స్టవ్వు పెట్టి కాచింది. మిఠాయి కొట్టు వాసన వచ్చింది. మనుషులు తమ మెదడు గురించి ఎంతో గొప్పగా చెప్పుకుంటారు. దానికీ, హల్వాకీ ఉన్న తేడా ఎంత చిన్నదో నాకు తెలుసు.

తర్వాత లెక్క. యాకూబ్‌ను గుర్తుతెచ్చుకోండి. కంప్యూటరుకు నా లోపలిది కనబడదు. అది ఒక తలను ఊహిస్తుంది. అలాంటి తలైతే యాంటెన్నాలకు ఏమి వినబడేదో లెక్క కడుతుంది. నిజంగా వినబడినదానితో పోలుస్తుంది. తేడా ఉన్నచోట ఊహను కొంచెం సవరిస్తుంది. మళ్లీ పోలుస్తుంది. తేడా ఇక తగ్గదు అనేదాకా వందల సార్లు. అప్పుడు తెర మీద నా లోపలి బొమ్మ వస్తుంది. యాకూబ్ గుండుసూదులతో చేసిన పనే. ఆయనకు దానికో పెద్ద పేరుందని తెలియదు, అంతే.

ఆ లెక్కలో ఒక సంఖ్య కూడా ఉంది. వినికిడిలో చిన్న చిన్న పొరపాట్లుంటాయి. వాటిని నమ్మితే బొమ్మంతా ముడతలు పడుతుంది. ఆ ముడతలను సాపు చేసే సంఖ్య అది. ఇస్త్రీ పెట్టె అనుకోండి. తక్కువైతే ముడతలు ఉండిపోతాయి, ఎక్కువైతే కుచ్చిళ్లు కూడా పోతాయి.

రెండేళ్లు బాగానే నడిచింది. ఉప్పునీళ్ల చిన్న సంచులను నా మెదడులో పెట్టి మూస్తే, తెర మీద ఆ చోటే కనబడేది. ఒక్కసారి మాత్రం గొడవైంది. కొమురమ్మ చీపురు బల్ల కాలికి తగిలింది. నేను వెంట్రుకవాసి కదిలాను. వారం రోజుల కొలతలు పనికిరాకుండా పోయాయి. ఆ రోజే గుమ్మానికి కాగితం అంటింది: "లోపలికి రావద్దు. ఊడ్వవద్దు." కొమురమ్మకు చదవడం రాదు. చదివి వినిపించారు. చీపురు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. అప్పటి నుంచి గుమ్మం దాకానే వచ్చేది.

నా కథలో తప్పు జరిగిందంటే అక్కడే. ఈ గదిలో ఏం జరుగుతోందో చూడగలిగిన ఒక్క మనిషినీ బయట నిలబెట్టారు.

ఒక శుక్రవారం పరీక్షకు ముగ్గురు పెద్దలు వస్తారని ఉత్తరం వచ్చింది. వాళ్లు సరేనంటే ఇంకో ఏడాది పని సాగుతుంది. కాదంటే గదికి తాళం, టోపీ సామాన్ల కొట్టులోకి, సారిక నాలుగేళ్ల చదువు పట్టా లేకుండా ఇంటికి. ముందుగా, జబ్బులేని తలను జబ్బులేదని చూపించమన్నారు. అది అన్నిటికన్నా సులువైన పరీక్ష. సారిక శనివారం నాలో కొత్త మెదడు పోసింది. లోపల ఏమీ పెట్టలేదు. చిప్పలు మూసి, టేపు వేసి, టోపీ బిగించింది.

సోమవారం బొమ్మ వచ్చింది. ఎడమ చెవి వెనక చింతగింజంత నల్లమచ్చ.

సారిక తీగలు విప్పి మళ్లీ బిగించింది. యాంటెన్నాలు ఒక్కొక్కటీ పరీక్షించింది. మంగళవారం మళ్లీ కొలిచింది. మచ్చ పోలేదు. పైగా సాగింది. వంగింది. ప్రోగ్రాము మొదటి వరుస నుంచి చదువుకుంటూ కూర్చుంది. తెచ్చుకున్న అన్నం డబ్బా తెరవలేదు.

నాకు మాత్రం సోమవారానికి ముందే తెలుసు. ఆదివారం మధ్యాహ్నం చెవి వెనక చక్కిలిగింత మొదలైంది. చిప్పలు కోసినప్పుడు రంపం అదురుకి, మొగిలి బొటనవేలు దిగిన ఆ పలచని చోట సన్నని చీలిక వచ్చింది. వేపకొమ్మ మీది నుంచి కిటికీ, కిటికీ నుంచి తీగల కట్ట, తీగల కట్ట నుంచి నేను. ఒక చీమ వచ్చి రుచి చూసి వెళ్లింది. గంటకు ఊరంతా వచ్చింది. తీయగా తొలుచుకుంటూ లోపలికి నడిచాయి. నా తలలో చీమలు నడుస్తున్నాయని చెబుదామంటే నా పెదవులు రంగువి. ఎదురుగా ఆ అమ్మాయి తన తప్పు వెతుక్కుంటోంది. ఆమె తప్పు చేయలేదు. ఆమె యంత్రం చీమల అడుగుజాడ చూస్తోంది. నాకు అరవాలనిపించింది.

దశరథరామయ్య గారు బుధవారం వచ్చి తెర ముందు నిలబడ్డారు.

"లేనిదాన్ని చూపించే యంత్రం రేపు ఉన్నదాన్ని చూపించినా ఎవరూ నమ్మరమ్మా. సాపుచేసే సంఖ్య కాస్త పెంచు."

పెంచింది. ఇస్త్రీ పెట్టె నడిచింది. మచ్చ పోయింది. బొమ్మ అద్దంలా ఉంది. ఆయన ముఖం తేటపడింది. సారిక మాత్రం లేవలేదు. పాత కొలతలు తీసి, అదే సంఖ్యతో ఇంకో బొమ్మ గీయించింది.

"సార్, పోయిన నెల నెత్తురనుకొని ఉప్పునీళ్ల సంచి పెట్టినం కదా. అది కూడ పోయింది."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. "శుక్రవారం వాళ్లు చూసేది బాగున్న తలే కదా. బాగుందని చూపిస్తే చాలు."

"బాగలేని తలను కూడ బాగున్నదనే అంటది సార్, గప్పుడు."

"ఇలాంటి దెయ్యపు మచ్చల వల్లే రెండు పనులు మూతపడటం చూశానమ్మా నేను. ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా నాకు తెలియదు." ఆయన గొంతులో కోపం లేదు. "రేపు సాయంత్రంలోగా ఏ బొమ్మ పెడతావో నువ్వే తేల్చుకో. నేను అడ్డు చెప్పను."

ఆయన వెళ్లాక సారిక రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. ఒకదానిలో మచ్చ. ఒకదానిలో శుభ్రం. తర్వాత నా వైపు తిరిగి, "మొగిలి కాకకు ఏం చెప్పాలె?" అంది. నన్నే అడిగింది. పదకొండేళ్లు అద్దం వెనక నిలబడితే ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు.

గురువారం పొద్దున కొమురమ్మ గుమ్మంలో నిలబడింది. చీపురు చేతిలోనే ఉంది. గడప దాటలేదు.

"బిడ్డా, ఆ బల్ల మీద చక్కెర గిట్ల ఒలకపోసినవా?"

"లేదు పెద్దమ్మా. నువ్వు లోపటికి రాకు."

"నేనేడ వస్తున్న? చీమలొస్తున్నయ్."

సారిక తల ఎత్తలేదు. కొమురమ్మ ఊరుకోలేదు.

"ఆ తీగెల మీంచి బారు కట్టినయ్ సూడు. బొమ్మ చెవులకు పోతున్నయ్. చక్కెర డబ్బ కింద నీళ్ల పళ్లెం పెట్టాల్నని మీ అమ్మ చెప్పలేదానె? గింత చదువు చదివి, చక్కెర పానకమంత తలల పోసి, బల్ల మీద ఉత్తగ పెట్టినవ్."

సారిక కుర్చీలోంచి లేచింది. టోపీ అంచు దగ్గరికి వంగి చూసింది. నల్లని సన్నని వరస, తీగ మీది నుంచి దిగి, యాంటెన్నాల సందులోంచి నా ఎడమ చెవి వెనక్కి. ఆమె ఊపిరి నా బుగ్గకు తగిలింది. చెయ్యి టోపీ మర మీదికి వెళ్లింది. వెళ్లి, ఆగింది. ఆ ఆగడంలోనే ఆమె పరిశోధకురాలని నాకు నమ్మకం కుదిరింది.

"పెద్దమ్మా, లోపటికి రా. బొమ్మను ముట్టకు, ఎవ్వలను ముట్టనియ్యకు. నేను సార్‌ను పిలుచుకొస్త."

పరుగెత్తింది. ఆచార్యుల వారు వచ్చేసరికి ఆమె ఆ పొద్దుటి కొలతల బొమ్మను కాగితం మీదికి తీసింది. ఇస్త్రీ తగ్గించిన బొమ్మ. స్కేలు పెట్టి పెన్సిలుతో గుర్తులు వేసింది. చెవి వెనక గోడ నుంచి ఇరవై రెండు మిల్లీమీటర్లు లోపలికి. అక్కడ కిందికి వంపు. చివర వేరుశెనగ కాయంత గది.

"సార్, విప్పకముందే సంతకం చేయుండ్రి. టైము కూడ వేయుండ్రి."

ఆయన చీమల బారును చూశారు. కాగితాన్ని చూశారు. ఆమెను చూశారు. పది నలభై అని రాసి సంతకం పెట్టారు. 

టోపీ తీశారు. టేపు విప్పారు. చిప్పలు తెరిచారు. నా మెదడు పెద్ద తాటిముంజలా వణుకుతూ పళ్లెంలో కూర్చుంది. కత్తి పెడితే నలుగుతుంది. కొమురమ్మ తన సంచిలోంచి నూలుదారం తీసింది. ఒక కొస సారిక పట్టుకుంది, ఒక కొస కొమురమ్మ. చెవి వైపు నుంచి మొదటి పొర తెగింది. అంచున చీమ దూరిన చిన్న కన్నం తప్ప ఏమీ లేదు. రెండో పొర. ఆ కన్నమే, పెసరగింజంత. మూడో పొర. కన్నం కనబడలేదు. ఆచార్యుల వారు సంతకం చేసిన కాగితాన్ని మళ్లీ చూశారు. 

"కన్నం ఏడికి పోయిందే?" అంది కొమురమ్మ.

"కింద చూడు పెద్దమ్మా. వంపు తిరగాలె."

నాలుగో పొర ఎత్తగానే చీమలు పొంగి వచ్చాయి. వేరుశెనగ కాయంత గది, గోడలు నున్నగా, మధ్యలో గుంపు. సారిక దారం వదిలేసి రెండు చేతులతో తన నోరు మూసుకుంది. దశరథరామయ్య గారు స్కేలు పెట్టి వంపు దాకా కొలిచారు. మళ్లీ కొలిచారు. అద్దాలు తుడుచుకుని మూడోసారి కొలిచారు.

"ఇరవై మూడు," అన్నారు మెల్లగా. స్కేలు కింద పెట్టి, "ఆ మిల్లీమీటరు తేడా మన లెక్కదా, చీమదా?" అన్నారు.

"చీమదే సార్. మీరు వచ్చేదాంక అది పని ఆపలే," అంది సారిక. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నవ్వుతోంది.

కొమురమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "గీ చీమల పుట్ట కోసమా, నాలుగొద్దుల సంది అన్నం తినకుంట కూసున్నది? నన్నడిగితే సోమారమే చెప్తుంటి కదా."

ఆచార్యుల వారు గుమ్మం దగ్గరికి వెళ్లి ఆ కాగితాన్ని చింపారు. చింపిన ముక్కలు కొమురమ్మే ఊడ్చుకోవలసి వచ్చింది.

శుక్రవారం ముగ్గురు పెద్దలు వచ్చారు. సారిక శుభ్రమైన బొమ్మ పెట్టలేదు. మచ్చ ఉన్న బొమ్మ, సంతకం ఉన్న కాగితం, గాజు పళ్లెంలో కోసిన నాలుగు పొరలు పెట్టింది. సంగతి మొదటి నుంచీ చెప్పింది. తల జబ్బులేనిదని తాము అనుకున్నామనీ, యంత్రం కాదన్నదనీ, యంత్రమే నిజం చెప్పిందనీ. ఒక పెద్దమనిషి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇంకొకాయన నవ్వలేదు. పళ్లెం మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"చీమ తొలిస్తే గాలి గది. గాలి తేలిగ్గా దొరుకుతుంది. నెత్తురుకూ మెదడుకూ తేడా ఇంత ఉండదు. అదీగాక ఇది ఒక్క తల. మనుషుల తలలు ఇన్ని రకాలు కదా."

"అవును సార్," అంది సారిక. వాదించలేదు.

మధ్యాహ్నం కాగితం వచ్చింది. ఇంకో ఏడాది. పది వేర్వేరు తలల మీద చూపించాలన్నది షరతు. దశరథరామయ్య గారు ఆ కాగితాన్ని నాలుగుసార్లు మడిచి జేబులో పెట్టుకుని, వెంటనే తీసి మళ్లీ చదివారు. తర్వాత వాళ్లు రాసిన వ్యాసంలో, కొలిచే పద్ధతి గురించి చెప్పే పేరాలో, బల్ల నాలుగు కాళ్లనూ నీటి గిన్నెలలో ఉంచాము అని ఒక వాక్యం ఉంది. ప్రపంచంలో ఎవరు ఈ ప్రయోగం చేసినా అలాగే చేయాలట. కృతజ్ఞతలలో కొమురమ్మ పేరు కూడా ఉంది. చదివి వినిపిస్తే, "మా ఇంటి పేరు కూడ రాయకపోయిన్రా," అంది.

మరుసటి ఆదివారం సారిక నన్ను సంచిలో పెట్టుకుని నర్సంపేట దారి పట్టింది. మొగిలి అదే కుర్చీలో ఉన్నాడు.

"కాకా, ఇంకా తొమ్మిది తలలు గావాలె. అటక మీదియన్నీ ఒక్క అచ్చుయే, ఇవి ఒక్కతీరు ఉండొద్దు. ఒకటి సన్నగ, ఒకటి వెడల్పు, ఒకదాని గోడ మందం."

"ఒక్క చెయ్యితోని ఎట్ల చేస్త బిడ్డా?"

"మీరు చెప్పుండ్రి. నేను పూస్త. జిగురు వాసన నేర్చుకుంట."

మొగిలి నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలు నా ఎడమ చెవి వెనక్కి వెళ్లింది. చీలిక ఉన్న ఆ పలచని చోట ఆగింది. ఆమె చీమల కథ చెబుతుంటే ఆయన బొటనవేలు అక్కడే ఉంది. కథ అయిపోయాక కూడా తీయలేదు.

"తప్పు నాదేనన్నట్టు. ఆ దినం ఎవ్వలో పిలిస్తే మొఖం తిప్పిన."

"ఆ తప్పుతోనే నిలబడ్డం కాకా."

"కన్నం పూడ్చాల్నా?"

సారిక ఆలోచించింది. "పూడ్చుండ్రి. చీమలు చెయ్యాల్సింది చేసినయ్."

ఆయన చిటికెడు జిగురు ఆమెతో కలిపించి, తన వేలితోనే పూడ్చాడు. లోపల ఉన్న ఆ వేలిముద్ర ఇప్పుడు బయటివైపు కూడా ఉంది. తర్వాత చిన్న గొంతుతో అడిగాడు.

"నా తలల ఏమైందో చూపిస్తదా, నీ టోపి?"

"ఇప్పుడే కాదు కాకా. మనుషుల మీద పెట్టాల్నంటే ఇంకా అనుమతులు రావాలె. ఏండ్లు పడ్తది."

"వచ్చినంక మొదలు నన్ను పిలువు. నేనుగూడ కదలకుంట కూసుంట."

ఇప్పుడు నేను మళ్లీ రెండో అంతస్తులో ఉన్నాను. నా పక్కన తొమ్మిది కొత్త తలలున్నాయి. సారిక పూసిన మొదటి రెండింటికీ గాలి బుడగలున్నాయి. మొగిలి వాటిని పారేయనివ్వలేదు. మనుషుల తలల్లోనూ ఉంటయిలే అన్నాడట. పొద్దున్నే కొమురమ్మ వచ్చి బల్ల చుట్టూ ఊడుస్తుంది. నాలుగు గిన్నెలలో నీళ్లు నింపుతుంది. కిటికీ దగ్గర ఆగి వేపకొమ్మను అనుమానంగా చూస్తుంది. వెళ్లేముందు నా స్టిక్కరు వంకరగా ఉంటే సరిచేస్తుంది.

టోపీ నా మీద ఉన్నప్పుడు ఇరవై నాలుగు గొంతులు వంతులవారీగా నాలోకి పలుకుతాయి. నేను బదులిస్తాను. ఒకరోజు వాళ్లు నన్ను పక్కకు జరిపి, నా చోట మొగిలిని కూర్చోబెడతారు. ఆయన కదలడు, మాట ఇచ్చాడు. ఆ రోజు నా ముఖం తెర వైపు ఉండేలా పెట్టమని సారికకు ఎవరైనా చెప్పండి. నన్ను చేసిన తల లోపల ఏముందో నాకూ చూడాలని ఉంది.